తెర ఎవరివైపు తిరిగి వుంది?

గుంటూరులో ఒక స్కానింగు సెంటరు. పొద్దున్న తొమ్మిదిన్నరకే ముప్పైమంది దాకా వచ్చి కూర్చున్నారు. చేతుల్లో నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ కవర్లలో పాత రిపోర్టులు. కుర్చీలు చాలక మొగవాళ్ళు మెట్లమీద నిలబడ్డారు. గోడమీద పెద్ద అక్షరాలతో బోర్డు: ఇక్కడ గర్భస్థ శిశు లింగ నిర్ధారణ చేయబడదు, అది చట్టరీత్యా నేరం.

మా అక్క కూతురుతో వెళ్ళాను. ఆమెకు ఐదో నెల, పంతొమ్మిదో వారం. కడుపులో కవలలు. టిఫా స్కాన్ అని పిలుచుకునే, పిండం అవయవాలన్నీ ఒక్కొక్కటిగా పరిశీలించే పరీక్ష ఆ రోజు. భర్త సెలవు పెట్టి వచ్చాడు. అత్తగారు శనగలూ అరటిపళ్ళూ సంచీలో పెట్టుకుని వచ్చింది. కుటుంబమంతా కదిలిందన్నమాట.

లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. "పిన్నీ, నువ్వు రా" అంది మా అమ్మాయి. కౌంటరు దగ్గరున్న అమ్మాయి వెంటనే, "భర్తగారు రావాలండీ, సంతకాలుంటాయి" అంది. అతను లోపలికి వెళ్ళాడు. నేనూ ఆ అత్తగారూ బయట కూర్చున్నాం. అరగంట తర్వాత తలుపు తీసిన ఆయాను ఆవిడ ఆత్రంగా అడిగింది: "ఇద్దరూ ఒకటేనా అమ్మా, వేర్వేరా?" ఆయా గోడమీది బోర్డువైపు చూపించి, "అట్టాంటివి అడగకూడదమ్మా, కేసవుద్ది" అంది. చుట్టూ వున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవయ్యేళ్ళుగా లింగ నిర్ధారణకి వ్యతిరేకంగా రాస్తూ, మాట్లాడుతూ వున్న నేను, నా కుటుంబంలోని మనిషే ఆ ప్రశ్న అడగడం విని సిగ్గుపడ్డాను. కోపం కూడా వచ్చింది.

బయటికొచ్చిన మా అమ్మాయికి ఏమీ తెలియదు. తెర గోడవైపు తిప్పి వుందట. "నాకు కొంచెం చూపించరా?" అని అడిగితే, "రూల్స్ ఒప్పుకోవమ్మా" అన్నారట. ఆమె పొట్టమీది జెల్లు తుడుచుకుంటూ వుండగా డాక్టరు భర్తను పక్కకి పిలిచి మాట్లాడారు. అతని మొహం పాలిపోయి వుంది. "ఏమన్నారు?" అంటే "అంతా బానే వుందట, మళ్ళీ రెండు వారాల్లో రమ్మన్నారు" అన్నాడు. ఇంటికొచ్చి, అర్థంకాని ఇంగ్లీషు పదాలతో నిండిన ఆ నాలుగు పేజీల రిపోర్టు చదివాక విషయం తెలిసింది. ఇద్దరు బిడ్డలకీ మాయ ఒకటే. ఉమ్మనీటి సంచులు వేరు. ఒక బిడ్డ సంచిలో ఉమ్మనీరు కొంచెం తక్కువగా వుంది.

తన శరీరంలో జరుగుతున్న విషయం, తన ప్రాణంతో ముడిపడిన విషయం, ఆమెకు తప్ప అక్కడున్న అందరికీ ముందు తెలిసింది. ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. భార్య భయపడుతుందని దాచాడు. తనూ భయపడ్డాడు. డాక్టరు కూడా చెడ్డ డాక్టరు కాకపోవచ్చు. ఒక రోజులో నలభైమందిని చూసే మనిషి. అయితే ఎవరూ చెడ్డవాళ్ళు కాకుండానే ఒక స్త్రీని తన గర్భం గురించి తనకే తెలియని మనిషిగా ఎలా నిలబెట్టగలిగారు? ఈ సంచికలో మనం మాట్లాడుకోవలసింది ఈ ప్రశ్న గురించే.

ముందుగా ఆ బోర్డు గురించి. అది మనమే పెట్టించుకున్న బోర్డు. 1970లలో ఉమ్మనీటి పరీక్ష మన దేశానికి వచ్చింది పిండంలో జన్యులోపాలు కనిపెట్టడానికి. కొద్దికాలంలోనే అది ఆడపిండాలను ఏరివేసే సాధనమైంది. ఇప్పుడు కొన్ని వందలు ఖర్చు పెడితే రేపు వేలరూపాయల కట్నం మిగులుతుందని అర్థం వచ్చే ప్రకటనలు వీధుల్లో వెలిశాయి. 1980లలో బొంబాయి మహిళా సంఘాలు, వైద్యులు, న్యాయవాదులు కలిసి పోరాడితే మహారాష్ట్రలో 1988లో చట్టం వచ్చింది. దేశమంతటికీ 1994లో చట్టం చేశారు. 1996 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అమలు మాత్రం కాగితాలమీదే వుండిపోతే, 2000లో సెహత్, మాసూమ్ సంస్థలూ డాక్టర్ సాబు జార్జ్ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. కోర్టు ఆదేశాల తర్వాతే ప్రభుత్వాలు కదిలాయి. 2003లో చట్టాన్ని సవరించి, గర్భధారణకు ముందే లింగాన్ని ఎంచుకునే పద్ధతులనూ నిషేధించారు.

ఆ పోరాటం ఎందుకు అవసరమైందో అంకెలు చూస్తే తెలుస్తుంది. ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశం మొత్తం మీద 1991లో 945 మంది, 2001లో 927, 2011లో 918. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో 975 వుండేది. 2001లో 961కి, 2011లో 939కి దిగింది. పంజాబు, హర్యానాల మాట వచ్చినప్పుడల్లా "మన దగ్గర అంత లేదు" అని తృప్తిపడే అలవాటు మనకుంది. ఇరవయ్యేళ్ళలో ముప్పయ్యారు పాయింట్లు పడిపోయిన చోట ఆ తృప్తికి ఆధారం లేదు. సోమవారం రిపోర్టు తీసుకోమంటే మగ, శుక్రవారం తీసుకోమంటే ఆడ అనే సంకేతాల గురించి మనలో వినని వారెవరు?

కాబట్టి బోర్డు వుండాలి. చట్టం వుండాలి. ఇంకా గట్టిగా అమలు కావాలి. ఈ విషయంలో మనకు రెండో ఆలోచన లేదు.

అయితే చట్టం నిజంగా ఏం చెప్పింది? పిండం ఆడా మగా అన్నది గర్భవతికిగాని, ఆమె బంధువులకుగాని, మరెవరికైనాగాని మాటతో, సైగతో, మరే విధంగానూ తెలియజేయకూడదంది. అంతవరకే. బిడ్డ గుండె ఎలా వుంది, వెన్నెముక ఎలా వుంది, మాయ ఎక్కడుంది, కవలలైతే మాయలు ఎన్ని, ఉమ్మనీరు ఎంత వుంది అన్న విషయాలు ఆమెకు చెప్పొద్దని ఏ సెక్షనూ అనలేదు. తెర ఆమె చూడకుండా గోడవైపు తిప్పమనీ అనలేదు. లింగం బయటపడే భాగాన్ని తప్పించి, తలా గుండే చేతులూ చూపించడానికి అడ్డేమీ లేదు. ఫారం ఎఫ్‌లో బిడ్డ లింగం తెలుసుకోవాలని తనకు లేదంటూ సంతకమో వేలిముద్రో పెట్టవలసింది గర్భవతి. "భర్తగారు రావాలి, సంతకాలుంటాయి" అన్నమాట చట్టంలోంచి రాలేదు, అలవాటులోంచి వచ్చింది.

ఇంకొక సంగతి. ఈ చట్టం స్త్రీని నేరస్థురాలిగా చూడదు. లింగ నిర్ధారణ జరిగినప్పుడు, భర్తో బంధువులో ఆమెను బలవంతపెట్టారనే కోర్టు ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకునే భారం వాళ్ళమీదే వుంటుందని చెప్పింది. అంటే కుటుంబం వొత్తిడి నుంచి ఆమెను కాపాడాలన్నది చట్టం ఉద్దేశం. ఆచరణలో ఏం జరుగుతోంది? అదే చట్టాన్ని చూపించి ఆమె నోరు మూయించి, సమాచారమంతా కుటుంబం చేతికి ఇస్తున్నారు. ఆడపిల్లల్ని కాపాడటానికి తెచ్చుకున్న చట్టం, ఆడపిల్లను కనబోయే స్త్రీని అజ్ఞానంలో వుంచడానికి సాకు అయింది.

కవలల విషయంలో ఈ మౌనం మరీ ప్రమాదకరం. కవలలంటే మన ఇళ్ళల్లో సంబరం. రాముడు లక్ష్మణుడు, లవుడు కుశుడు అని పేర్లు కూడా ముందే సిద్ధం. అవన్నీ మగపేర్లేనన్నది కూడా గమనించవలసిన విషయమే. వైద్యపరంగా చూస్తే కవలల గర్భం మామూలు గర్భం కాదు. సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకుండానే పుడతారు. తల్లికి రక్తపోటు, రక్తహీనత, కాన్పు తర్వాత అధిక రక్తస్రావం వచ్చే ప్రమాదం ఎక్కువ. గర్భవతుల్లో సగానికి పైగా రక్తహీనతతో వున్న మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దీని అర్థం ఏమిటో క్షేత్రంలో పనిచేసే మీకు నేను చెప్పనక్కర్లేదు.

కవలలకు సంబంధించి అన్నిటికన్నా ముందు తెలియవలసింది ఆడా మగా అన్నది కానే కాదు. మాయ ఒకటా, రెండా అన్నది. రెండు మాయలుంటే ప్రమాదం కొంత తక్కువ. ఒకే మాయను ఇద్దరూ పంచుకుంటున్నప్పుడు, వందకు పది నుంచి పదిహేను గర్భాల్లో రక్తం ఒక బిడ్డనుంచి రెండో బిడ్డకు ఎక్కువగా ప్రవహించడం మొదలవుతుంది. ఒకరి సంచిలో ఉమ్మనీరు తగ్గిపోతుంది, ఇంకొకరి సంచిలో పెరిగిపోతుంది. గమనించకపోతే ఇద్దరూ పోవచ్చు. అందుకే అలాంటి గర్భాన్ని పదహారో వారం నుంచి రెండు వారాలకొకసారి స్కాన్ చేయాలంటారు. మాయల సంఖ్య బాగా స్పష్టంగా తెలిసేది మూడో నెల చివర్లో, పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య. ఐదో నెల దాకా ఆగితే పోల్చుకోవడం కష్టమవుతుంది. ఈ మధ్యలో పొట్ట అకస్మాత్తుగా బిగుసుకుని పెరగడం, ఊపిరి ఆడకపోవడం వంటివి జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని తల్లికి తెలిసి వుండాలి. ఆ లక్షణాలు ముందు తెలిసేది ఆమెకే. భర్తకు చెప్పి ఆమెకు చెప్పకపోతే, కాపలా కాయవలసిన మనిషినే నిద్రపుచ్చినట్టు.

ఇక్కడ ఆ అత్తగారి మాట మళ్ళీ చెప్పాలి. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆవిడతో నేను ముభావంగా వున్నాను. ఆవిడ కనిపెట్టింది. "నామీద కోపం వచ్చింది కదా వదినా? చదువుకున్నదానివి, నీకు చెప్పేదాన్ని కాదుగానీ, నేను అడిగింది అది కాదు" అంది. ఆవిడ మొదటి కాన్పు కవలలేనట. కడుపులో ఇద్దరున్నారని పురుడొచ్చిన రాత్రి దాకా ఎవరికీ తెలియదు. ఒక పిల్ల చిన్నగా, పాలిపోయి పుట్టింది. ఇంకో పిల్ల ఎర్రగా, వుబ్బినట్టు పుట్టింది. ఇద్దరూ రెండు రోజుల్లో పోయారు. "ఇద్దరికీ మాయ ఒకటే, అందుకే ఒకళ్ళ రక్తం ఒకళ్ళు తాగారు అంది మంత్రసాని. అందుకే అడిగాను, వీళ్ళిద్దరూ ఒకటేనా వేర్వేరా అని. అబద్ధం ఎందుకు, ఒక్క మగపిల్లాడన్నా వుంటే బావుండునని నాకూ వుంది. కానీ ఇవాళ అడిగింది మాత్రం అది కాదు."

ఆ గదిలో ఆ రోజు అడగవలసిన అతి ముఖ్యమైన ప్రశ్న అడిగింది బడికి వెళ్ళని ఆ స్త్రీ ఒక్కతే. దాన్ని లింగ నిర్ధారణ అనుకుని నోరు మూయించింది ఆయా. లింగ నిర్ధారణ అనుకుని తల దించుకున్నది సోషియాలజీలో డాక్టరేట్ వున్న నేను. అత్తగార్ల గురించి మనం రాసే విశ్లేషణల్లో ఎంత నిజం వున్నా, వాళ్ళ శరీరాలు మోసిన చరిత్రను కూడా వినగలిగే ఓపిక మనకు వుండాలని నాకు ఆ ఆటోలో అర్థమైంది. మగపిల్లాడు కావాలన్న కోరికా, చచ్చిపోయిన ఇద్దరు ఆడపిల్లల దుఃఖమూ ఒకే మనిషిలో వుంటాయి. మన పని ఆ రెంటినీ విడదీసి చూడటం.

కోరికను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అది పుట్టిన తర్వాత కూడా పనిచేస్తుంది. యూనిసెఫ్ ద్వారా ప్రపంచమంతా తిరిగిన ఒక ఛాయాచిత్రాన్ని మీలో చాలామంది చూసే వుంటారు. పాకిస్తాన్‌లోని ఇస్లామాబాద్ ఆసుపత్రిలో తీసినది. ఒక తల్లి ఒడిలో కవలలు. ఒక పక్క బొద్దుగా మగబిడ్డ, ఇంకో పక్క ఎముకల గూడులా ఆడబిడ్డ, ఆమె పక్కన పాలసీసా. ఇద్దరికీ నీ పాలు చాలవని అత్తగారు చెబితే, కొడుక్కి తన పాలిచ్చి కూతురికి సీసా పాలు పట్టింది ఆ తల్లి. మర్నాడు ఆ పాప చనిపోయింది. నిజానికి సరైన తిండీ విశ్రాంతీ సాయం చేసే చేతులూ వుంటే ఇద్దరు బిడ్డలకూ సరిపడా పాలు తల్లికి పడతాయి. ఆ మాట ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. సమాచారం లేకపోవడం, కొడుకు మీది మోజు, ఈ రెండూ కలిసి ఆ పాపను చంపాయి. ఒకదాన్ని మాత్రమే ఎదిరించి రెండోదాన్ని వదిలేస్తే సరిపోదు.

సమాచారం నుంచి నిర్ణయానికి వద్దాం. ఐదో నెల స్కాన్‌లో తీవ్రమైన లోపం బయటపడితే ఏం చేయాలి? 2021 సవరణ తర్వాత మన గర్భస్రావ చట్టం ప్రకారం ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవైనాలుగు వారాల మధ్య, అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో వుండగా వైవాహిక స్థితి మారినవారు వంటి కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అవకాశం వుంది. పిండంలో తీవ్ర లోపాలుంటే ఆ తర్వాత కూడా మెడికల్ బోర్డు నిర్ణయించవచ్చు. అవివాహిత స్త్రీలను దీన్నుంచి మినహాయించకూడదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వయసొచ్చిన స్త్రీకి ఆమె అంగీకారం ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టం అడగలేదు. ఎన్ని ఆసుపత్రులు ఆ సంతకం లేకుండా పని జరగనిస్తాయో మీకు తెలుసు.

ఇంకో చిక్కు కూడా మనం చూస్తున్నాం. లింగ నిర్ధారణ తనిఖీల భయంతో, మూడో నెల దాటిన గర్భస్రావమంటేనే కొందరు డాక్టర్లు తలుపులు మూసేస్తున్నారు. ఐదో నెలలో వచ్చిన ప్రతి స్త్రీనీ ఆడపిండాన్ని తీయించుకోవడానికి వచ్చినదానిగా అనుమానిస్తున్నారు. దీంతో నష్టపోయేది డబ్బూ పలుకుబడీ వున్నవాళ్ళు కాదు. రెండు చట్టాలూ మన పోరాటాలతో ముడిపడినవే. ఒకదానికోసం ఇంకొకదాన్ని బలిపెట్టడానికి మనం ఒప్పుకోకూడదు.

వికలాంగ స్త్రీల సంఘాలు మనల్ని అడిగే ప్రశ్నను కూడా దాటవేయలేం. ఆడపిండమని ఏరివేయడం అన్యాయమైతే, వైకల్యం వున్న పిండమని ఏరివేయడం ఎలా న్యాయమవుతుందని వాళ్ళు అడుగుతున్నారు. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. వైకల్యం వున్న బిడ్డను పెంచే భారమంతా తల్లిమీదే వదిలేసిన సమాజంలో ఆమె తీసుకునే నిర్ణయాన్ని స్వేచ్ఛా నిర్ణయమని పిలవడానికి నాకు నోరు రాదు. అలాగని ఆమె తరఫున ఇంకొకరు నిర్ణయించడానికీ ఒప్పుకోలేను.

ఆమె తరఫున ఇంకొకరు నిర్ణయించడం గురించి 2008లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సమీరా కోహ్లీ కేసు మీకు గుర్తుండే వుంటుంది. పరీక్షకోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట కూర్చున్న ఆమె తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి తీసేశారు. తెలివి వచ్చాక ఆమెను అడగవచ్చుగదా, వయసొచ్చిన స్త్రీ బదులు ఆమె తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదు అంది కోర్టు. కన్నతల్లి మాటే చెల్లనప్పుడు భర్త మాట, అత్తగారి మాట, పిన్ని మాట ఎలా చెల్లుతాయి? నేను లోపలికి వెళ్ళినా నా బాధ్యత ఆమె పక్కన నిలబడటమే, ఆమెకు బదులుగా వినడం కాదు.

కవలల సంఖ్య ఎందుకు పెరుగుతోందో కూడా చూడాలి. సంతాన సాఫల్య కేంద్రాలు ఊరూరా వెలిశాయి. ఒకటికి మించి పిండాలను గర్భంలో ప్రవేశపెడితే విజయం శాతం పెరుగుతుంది, ప్రకటనలకు పనికొస్తుంది. ఇద్దరో ముగ్గురో నిలిస్తే ఆ ప్రమాదం మోసేది స్త్రీ. 2019 సెప్టెంబరులో గుంటూరులోనే డెబ్బయ్యేళ్ళు దాటిన ఒక స్త్రీ ఇలా కవల ఆడపిల్లలకు జన్మనిస్తే, దాన్ని రికార్డు అని పత్రికలు రాశాయి. జీవితమంతా గొడ్రాలన్న మాట ఒక స్త్రీని ఎక్కడిదాకా నడిపిస్తుందో అడిగినవారు తక్కువ. 2021 చట్టం స్త్రీకి యాభయ్యేళ్ళు, పురుషుడికి యాభైఅయిదు గరిష్ఠ వయసుగా పెట్టింది. వయసు పరిమితి అయితే వచ్చింది. ఆ గొడ్రాలన్న మాటకు పరిమితి ఎప్పుడొస్తుంది?

పుట్టాక కూడా లెక్కలో కవలలు ఒక్కరే. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. ఇద్దరు పుడితే చట్టంలో అదనంగా ఒక్క రోజు కూడా లేదు. ఆ 26 వారాలైనా ఎంతమందికి? మిరపకోతకు పోయే కూలీకి, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి, బీడీలు చుట్టే స్త్రీకి సెలవనే మాటే లేదు. నెలలు నిండని ఇద్దరు బిడ్డలతో ఆమె ఏ రోజు పనిలోకి వెళ్ళాలి?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2016 నుంచి ప్రతినెలా 9వ తేదీన గర్భవతులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రత్యేక పరీక్షలు చేసే కార్యక్రమం వుంది. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ఆసుపత్రుల్లో 56 టిఫా యంత్రాలు పెట్టింది. మంచిదే. యంత్రం వచ్చింది. యంత్రంలో కనిపించినదాన్ని ఆమె భాషలో ఆమెకు చెప్పే మనిషి వచ్చిందా?

మనం అడగవలసినవి పెద్ద కోరికలు కావు. లోపలికి ఎవరు రావాలో గర్భవతే చెప్పాలి. కాన్పు గదిలోకి తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది, స్కానింగు గదికీ అదే వర్తింపజేయాలి. ఫలితం ముందు ఆమెకే, ఆమె భాషలో, ఆమె లేచి కూర్చుని చీర సర్దుకున్న తర్వాత చెప్పాలి. కుటుంబానికి చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. రిపోర్టుతోపాటు తెలుగులో ఒక్క పేజీ ఇవ్వాలి. కవలలని తెలిసిన ప్రతి స్త్రీకీ మూడో నెలలోనే మాయల సంఖ్య నిర్ధారించి ఆమె కార్డుమీద రాయాలి. ఒకే మాయ వున్నవారికి రెండు వారాల స్కాన్‌లూ రానుపోను ఖర్చులూ ఉచితంగా అందాలి. కవలలను కన్న స్త్రీకి అదనపు సెలవూ, అసంఘటిత రంగంలో వున్నవారికి అందుకు సమానమైన భృతీ ఇవ్వాలి.

వీటిని అడగడానికి మనకు చోటు వుంది. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఏర్పడే ఎనిమిదిమంది సలహా సంఘంలో ముగ్గురు సామాజిక కార్యకర్తలుండాలి, వారిలో కనీసం ఒకరు మహిళా సంఘాల ప్రతినిధి అయివుండాలి. మీ జిల్లాలో ఆ సంఘం వుందా? చివరిసారి ఎప్పుడు సమావేశమైంది? ఆ కుర్చీలో ఎవరున్నారు? ఈ మూడు నెలల్లో తెలుసుకుని మాకు రాయండి. ఈసారి మీరు తనిఖీకి వెళ్ళినప్పుడు రిజిస్టర్లూ బోర్డులూ చూడటంతో ఆగకండి. తెర ఎవరివైపు తిరిగి వుందో కూడా చూడండి.

ఇది రాస్తున్నప్పటికి మా అమ్మాయికి ఏడో నెల. రెండో స్కాన్‌కి తనే అడిగి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. ఇద్దరికీ మాయ ఒకటే కదా, నీరు ఇప్పుడు ఎలా వుందండీ అని తనే డాక్టరును అడిగింది. డాక్టరు ఒక్క క్షణం ఆగి, తెరను కొద్దిగా ఆమెవైపు తిప్పి చూపించారు. నీరు సమానంగానే వుంది. ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయి. బయట కూర్చున్న అత్తగారికి ఆ మాట చెప్పింది కూడా ఆమే.